ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ: ఆరేళ్లు వాడాక నాలుగు నక్షత్రాలు

నేను పుస్తకాలకు పేజీలు కడతాను. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. ప్రూఫులు దిద్దడం, ఉత్తరాలు, లెక్కలు, మిగిలిన జీవితమంతా లినక్స్‌లో. కంప్యూటర్ ఒకటే. 1 టీబీ డిస్కులో 200 జీబీ విండోస్‌కు, 100 జీబీ లినక్స్‌కు ఇచ్చి, మిగిలినదంతా ఒకే పార్టిషన్‌గా, అంటే డిస్కులో వేరు చేసిన భాగంగా, ఉంచి దానికి ‘పనులు’ అని పేరు పెట్టాను. పగలు విండోస్‌లో కట్టిన పేజీని రాత్రి లినక్స్‌లో తెరిచి దిద్దాలి కాబట్టి ఆ పార్టిషన్‌లో రెండు వ్యవస్థలూ చదవగలగాలి, రాయగలగాలి. అందుకే అది ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ తన ఫైళ్లను డిస్కు మీద అమర్చుకునే పద్ధతి. లినక్స్ నుంచి అందులోకి నన్ను చేర్చే డ్రైవరు ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ. ఉచితంగా వస్తుంది, దాదాపు ప్రతి డిస్ట్రోలోనూ, అంటే లినక్స్ రకంలోనూ, దొరుకుతుంది. నేను వాడుతున్నది 2022.10.3 వెర్షన్.

ఒక డ్రైవరుకు సమీక్ష రాయడం ఏమిటని మా అక్క కొడుకు నవ్వాడు. రాయాలనిపించడానికి కారణం ఉంది. ఈ ఆరేళ్లలో దీనిని తిట్టిన ప్రతిసారీ తప్పు వేరే చోట తేలింది. అందులో రెండుసార్లు నా దగ్గరే తేలింది.

మొదటిది మొదటి వారంలోనే జరిగింది. ‘పనులు’ పార్టిషన్ ప్రతిసారీ తానే తెరుచుకోవాలని, ఏ డిస్కును ఎలా తెరవాలో లినక్స్‌కు చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక వరుస చేర్చాను. ఎక్కడో చూసిన వరుసను సగమే అర్థం చేసుకుని దించుకున్నాను. అందులో హక్కులు తగ్గించే ‘యూమాస్క్=022’ ఉంది, యజమాని ఎవరో చెప్పే ‘యూఐడీ’ లేదు. ఫలితంగా పార్టిషన్‌లోని ప్రతి ఫైలుకూ యజమాని రూట్, అంటే లినక్స్‌లోని సర్వాధికారి ఖాతా, అయ్యాడు. రాసే హక్కు యజమానికి మాత్రమే మిగిలింది. నా పుస్తకాన్ని నేను చదువుకోవచ్చు, కామా మార్చడానికి మాత్రం వీల్లేదు. సేవ్ నొక్కితే అనుమతి లేదని సందేశం.

లినక్స్‌లో ఇలాంటప్పుడు అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ ఆదేశం వాడాలని అందరికీ తెలుసు. సుడోతో, అంటే రూట్ అధికారంతో, అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే సీహెచ్‌మోడ్ 777 కొట్టాను. ఎర్రర్ ఏమీ రాలేదు. మళ్లీ చూస్తే అనుమతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. యజమానిని మార్చే సీహెచ్‌ఓన్ కొట్టాను. అదీ మౌనంగా ‘సరే’ అంది, ఏమీ మారలేదు. నేను ఒక నక్షత్రం కోసింది ఇందుకే. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీలో ‘సైలెంట్’ అనే ఆప్షన్ ఉంది. మనం అడగకుండానే అది ఆన్‌లో ఉంటుంది. అనుమతులను ఫైలు మీద రాసే ఏర్పాటు చేయనప్పుడు సీహెచ్‌మోడ్, సీహెచ్‌ఓన్ ఆదేశాలను అది చెత్తబుట్టలో వేసి, పని అయిపోయినట్లు ఊరుకుంటుంది. దానికి కారణం లేకపోలేదు. ఫైళ్లను కాపీ చేసే ఎన్నో ప్రోగ్రాములు చివర్లో అనుమతులు కూడా అతికించాలని చూస్తాయి. అక్కడ తప్పు చూపిస్తే కాపీ మొత్తం ఆగిపోవచ్చు. అదంతా ఒప్పుకుంటాను. కానీ రాత్రి పదకొండు గంటలకు ఆదేశం మీద ఆదేశం కొడుతున్న మనిషికి ఒక్క ముక్క చెబితే ఏం పోయేది?

చెప్పలేదు కాబట్టి నేను ఇంకా గట్టిగా కొట్టాను. ఈసారి లోపలి ఫోల్డర్లన్నిటికీ వర్తించేలా, పార్టిషన్‌ను మౌంట్ చేసిన, అంటే లినక్స్‌లో తగిలించిన, చోటు పూర్తి దారి రాసి, అదే 777. దారిలో మొదటి స్లాష్ తరువాత ఒక ఖాళీ పడింది. ఖాళీలు సరిచేయడమే నా వృత్తి, అయినా పడింది. ఆ ఒక్క ఖాళీతో ఆదేశం ‘పనులు’ మీద కాకుండా, ఒంటి స్లాష్ సూచించే లినక్స్ వేరు నుంచి మొదలుపెట్టి కొమ్మకొమ్మకూ పాకింది. అనుమానం వచ్చి ఆపేసరికి కొన్ని క్షణాలు గడిచాయి. ఆ తరువాత సుడో పనిచేయడం మానేసింది. తన ఫైలుకు రూట్ యజమానిగా ఉండాలి, ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడిపించే సెట్‌యూఐడీ బిట్ ఉండాలి అని చెప్పి ఆగిపోయింది. 777 ఆ బిట్‌ను తుడిచిపెట్టింది మరి.

అక్క కొడుక్కి ఫోన్ చేశాను. విషయమంతా విని ఒకటే అడిగాడు.

“పిన్నీ, స్లాష్ తరువాత ఖాళీ ఉందా?”

“ఉంది.”

“అయితే ఒక్కొక్కటీ సరిచేస్తూ కూర్చోవద్దు. లినక్స్ మళ్లీ ఎక్కించు. అదే త్వరగా అవుతుంది. ‘పనులు’కు ఏమీ కాలేదు, భయపడకు.”

నిజంగానే ‘పనులు’కు ఏమీ కాలేదు. సీహెచ్‌మోడ్ అక్కడికి చేరినా దాని మాట వినే దిక్కు లేదు కదా. నన్ను అంతగా విసిగించిన ఆ మౌనమే నా పుస్తకాలను కాపాడింది.

అప్పుడు అర్థమైన సంగతి ఇది. లినక్స్ సొంత పార్టిషన్‌లో, అంటే ఈఎక్స్‌టీ4లో, ప్రతి ఫైలుకూ యజమాని ఎవరో, ఎవరు ఏమి చేయవచ్చో ఆ ఫైలుతోనే రాసి ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రాసి ఉన్నది విండోస్ లెక్క. ఆ లెక్కలో నా లినక్స్ ఖాతా లేదు. అందుకని ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ దానిని పక్కన పెట్టి, మౌంట్ చేసేటప్పుడు మనం చెప్పిన ఒకే మాటను లోపలి ఫైళ్లన్నిటికీ వర్తింపజేస్తుంది. లోపలికి వెళ్లి ఒక్కొక్క ఫైలును సరిచేయడానికి లేదు. గుమ్మం దగ్గర మాట మార్చాలి.

ఆ మాట ఎలా ఉండాలో చెబుతాను. ముందు ‘ఐడీ’ అని కొట్టి మన సంఖ్య చూసుకోవాలి. లినక్స్‌కు పేరుతో పని లేదు, సంఖ్యతోనే పని. చాలా డిస్ట్రోల్లో మొదట సృష్టించిన ఖాతాకు 1000 వస్తుంది. అందుకని ‘యూఐడీ=1000’, ‘జీఐడీ=1000’. మొదటిది మనిషి సంఖ్య, రెండోది గుంపు సంఖ్య. తరువాత మాస్కులు. మాస్క్ ఇచ్చేది కాదు, తీసేసేది. ఈ ఒక్క సంగతి తెలియక నేను చాలాసేపు తలకిందులుగా ఆలోచించాను. ఫోల్డర్లకు ‘డీమాస్క్=022’ అంటే 777 నుంచి ఆ హక్కులు పోయి 755 మిగులుతుంది, అంటే రాసే హక్కు యజమానికే. ఫైళ్లకు ‘ఎఫ్‌మాస్క్=133’ అంటే 644 మిగులుతుంది, అంటే నడిపే హక్కు కూడా ఎవరికీ ఉండదు. రెంటికీ కలిపి ‘యూమాస్క్=022’ అన్నా పని జరుగుతుంది. కానీ అప్పుడు ప్రతి ఫైలుకూ ప్రోగ్రాములా నడిచే హక్కు కూడా వస్తుంది. మామూలు టెక్స్ట్ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే దీనిని నడపాలా, చూపాలా అని ఫైల్ మేనేజర్ అడుగుతుంది. నాకు చిరాకు. నడపవలసిన స్క్రిప్టులు నాలుగే ఉన్నాయి. వాటిని హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచుకున్నాను.

డిస్కును పేరుతో కాకుండా ‘బీఎల్‌కేఐడీ’ ఆదేశం చూపే యూయూఐడీతో, అంటే దాని గుర్తింపు సంఖ్యతో, రాయాలి. ‘నోఫెయిల్’ కూడా చేర్చాలి. అది లేకుండా ఆ పార్టిషన్ దొరకని రోజు, లినక్స్ మామూలుగా తెరుచుకోకుండా అత్యవసర స్థితిలో ఆగి కూర్చుంటుంది. ఎఫ్‌స్టాబ్ మార్చాక రీబూట్ చేసి దేవుడి మీద భారం వేయడం కంటే ‘ఫైండ్‌మౌంట్’ ఆదేశంలోని వెరిఫై ఆప్షన్‌తో ముందే సరిచూసుకోవడం మేలు.

‘విండోస్_నేమ్స్’ అనే ఆప్షన్ నాకు అన్నిటికంటే ఇష్టం. ఫైలు పేరులో కోలన్, ప్రశ్నార్థకం వంటివి ఉంటే లినక్స్ ఒప్పుకుంటుంది, విండోస్ ఒప్పుకోదు. నేను ప్రూఫ్ ఫైళ్ల పేర్లలో సమయం రాసేదాన్ని, మధ్యలో కోలన్‌తో. విండోస్‌లో అవి తెరుచుకోకపోతే మళ్లీ అనుమతుల గొడవే అనుకున్నాను. ఈ ఆప్షన్ పెట్టాక అలాంటి పేరును లినక్స్‌లోనే, పుట్టకముందే ఆపేస్తోంది. పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు పొడవును యూటీఎఫ్-16 అనే అక్షర సంకేతాల లెక్కన 255 వరకు కొలుస్తారు. ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. తెలుగులో ఒక్కో సంకేతానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. గుణింతం, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. అంటే లినక్స్ వైపు 85 దాటకూడదు. వ్యాసం శీర్షికనంతా ఫైలు పేరుగా పెట్టే రచయితల ఫైళ్లు ‘పనులు’ నుంచి హోమ్‌లోకి కాపీ కాకపోతే అది అనుమతుల సమస్య కాదు, పేరు పొడవు.

రెండో తిట్టు ఒక శీతాకాలపు రాత్రిది. అన్నీ సరిగా ఉన్న పార్టిషన్ ఒక్కసారిగా రాయనివ్వడం మానేసింది. ఈసారి సందేశాన్ని సరిగా చదివాను. ‘అనుమతి లేదు’ అనలేదు. ‘ఈ ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే’ అంది. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. మొదటిదైతే మనం ఎవరమన్న ప్రశ్న. రెండోదైతే రూట్ వచ్చినా రాయలేడు, సీహెచ్‌మోడ్‌తో పని లేదు. డిస్కు స్థితి ఏమిటో చూడాలి.

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు మూతపడతాయి కానీ విండోస్ కెర్నెల్, అంటే దాని గుండెకాయ, పూర్తిగా మూతపడదు. తన స్థితిని హైబర్‌ఫిల్ అనే ఫైల్లో రాసి నిద్రపోతుంది, మళ్లీ త్వరగా లేవడానికి. విండోస్ ఒక్కటే ఉన్న కంప్యూటర్‌లో అది మంచి సదుపాయమే. రెండు వ్యవస్థలున్న చోట మాత్రం, తాను వాడుతున్న పార్టిషన్లు నిద్ర లేచాక కూడా అలాగే ఉంటాయన్న నమ్మకంతో అది నిద్రపోతుంది. ఈలోగా లినక్స్ అక్కడ ఏమైనా రాస్తే, విండోస్ జ్ఞాపకంలోని డిస్కుకూ అసలు డిస్కుకూ పొత్తు కుదరదు. ఫైళ్లు పాడవుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఆ నిద్రను గుర్తుపట్టి, చదువుకో గానీ రాయవద్దు అంటుంది. నాకు తెలిసి దీనిలో అన్నిటికంటే విలువైన గుణం ఇదే. నేను తిట్టిన రాత్రి అది మూడు వందల పేజీల పుస్తకాన్ని కాపాడుతోంది.

దీనికి మందు లినక్స్‌లో లేదు, విండోస్‌లో ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లలోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్ తీసేయాలి. లేదా అడ్మినిస్ట్రేటర్‌గా ‘పవర్‌సీఎఫ్‌జీ’ ఆదేశానికి ‘హెచ్ ఆఫ్’ జోడించి హైబర్నేషన్‌నే పూర్తిగా ఆపవచ్చు. తొందరలో ఉంటే షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కి లినక్స్‌లోకి రావచ్చు. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగానే మూతపడుతుంది. నిద్ర ఫైలును బలవంతంగా తుడిచే ఆప్షన్ ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీలోనే ఉంది. దానితో విండోస్‌లో దాచి ఉన్న స్థితి పోతుంది. నేను ఒక్కసారి కూడా వాడలేదు. కరెంటు పోయి డిస్కు సరిగా మూతపడని రోజుల్లో ‘ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్’ పనికొస్తుంది. అయితే పేరు చూసి మోసపోవద్దు. అది చిన్నచిన్న తేడాలు సరిచేసి, అసలు తనిఖీని తరువాతిసారి విండోస్ తెరిచినప్పటికి వాయిదా వేస్తుంది. అసలు వైద్యం విండోస్‌లోని చెక్‌డిస్క్‌దే.

మూడో సంగతిలో నన్నూ తప్పుపట్టలేరు, డ్రైవరునూ తప్పుపట్టలేరు. రెండేళ్ల క్రితం విండోస్ మళ్లీ ఎక్కించాను. ఖాతాకు పాత పేరే పెట్టాను. ‘పనులు’లో కొన్ని ఫోల్డర్లు తెరవబోతే నాకు అనుమతి లేదంది. పేరు అదే, మనిషిని నేనే. విండోస్ కూడా లినక్స్ లాగానే పేరును చూడదు. ఎస్-1-5-21తో మొదలయ్యే ఒక పొడవాటి సంఖ్యను చూస్తుంది, దాని పేరు ఎస్‌ఐడీ. కొత్తగా ఎక్కించినప్పుడు నాకు కొత్త సంఖ్య వచ్చింది. పాత ఫోల్డర్ల యజమాని ఇప్పుడు లోకంలో లేని మనిషి.

తమాషా ఏమిటంటే, లినక్స్‌లోకి వచ్చి చూస్తే అవే ఫోల్డర్లు ఏ అడ్డూ లేకుండా తెరుచుకున్నాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ నా మౌంట్ వరుసను తప్ప విండోస్ లెక్కను చూడదు కదా. ఆనందపడ్డాను, తరువాత ఆలోచనలో పడ్డాను. విండోస్‌లో నేను ‘ఇతరులు చూడకూడదు’ అని గుర్తు పెట్టిన ఫోల్డర్‌ను ఎవరైనా ఒక లినక్స్ పెన్‌డ్రైవ్ తెచ్చి తెరవవచ్చన్నమాట. గుప్తలిపిలో లేని డిస్కు మీద అనుమతులు మర్యాదస్తుల కోసమే. ఇతరుల అముద్రిత రచనలు నా దగ్గర ఉంటాయి కాబట్టి, వాటిని ఆ వారమే వేరుగా ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టాను.

విండోస్ వైపు చిక్కును ‘టేక్‌ఓన్’తో యాజమాన్యం తీసుకుని, ‘ఐక్యాకిల్స్’ ఆదేశంలోని రీసెట్‌తో పాత జాబితాలు తీసేసి సరిచేశాను. పై ఫోల్డర్ నుంచి వచ్చే అనుమతులే లోపలివాటికీ వచ్చాయి. ఇది మన ఫైళ్లున్న పార్టిషన్‌లో చేయవలసిన పని. విండోస్ సొంత ఫోల్డర్ల మీద చేస్తే నా 777 కథే మళ్లీ అవుతుంది.

ఇద్దరు మనుషులు వాడే కంప్యూటరైతే నా పద్ధతి చాలదు. ఒకే మాట అందరికీ వర్తిస్తుంది కాబట్టి ఇవి ఒకరి ఫైళ్లు, అవి ఇంకొకరివి అని వేరు చేయడం కుదరదు. దానికి ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీలో యూజర్‌మ్యాపింగ్ ఉంది. లినక్స్ సంఖ్య ఇది, దానికి సమానమైన విండోస్ ఎస్‌ఐడీ ఇది అని ఒక చిన్న ఫైల్లో రాసి, పార్టిషన్‌లో దాచిపెట్టిన ఫోల్డర్‌లో ఉంచితే, అప్పటి నుంచి సీహెచ్‌మోడ్ నిజంగా పనిచేస్తుంది. లినక్స్‌లో పెట్టిన అనుమతి విండోస్ లెక్కలోకి ఎక్కుతుంది. నేను సరదాకు ఒక నెల వాడాను. చక్కగా నడిచింది. ఇంట్లో ఈ కంప్యూటర్ ముట్టుకునేది నేనొక్కదాన్నే కాబట్టి తీసేశాను. విండోస్ మళ్లీ ఎక్కిస్తే ఆ ఫైలు కూడా మార్చాలని గుర్తుంచుకోవడం నా వల్ల కాదు.

దీని వల్ల కాని పని ఒకటి ఉంది. ముద్రణకు ఫైళ్లు పంపే సర్వర్ తాళం, అంటే ఎస్‌ఎస్‌హెచ్ కీ, రెండు వ్యవస్థలకూ పనికొస్తుందని ‘పనులు’లో పెట్టాను. ఇది అందరూ చదవగలిగేలా ఉంది, వాడను అని ఎస్‌ఎస్‌హెచ్ మొండికేసింది. న్యాయమే. కీని హోమ్‌లోకి మార్చి 600 పెట్టాక ఊరుకుంది.

ఇంకొకటి ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఖాతాలో పడే అన్యాయపు నింద. స్నాప్ అనే పొట్లంగా ఎక్కించిన ఒక ప్రోగ్రాము ‘పనులు’లోని ఫైలు తెరవనంది, అనుమతి లేదని. టెర్మినల్‌లో అదే ఫైలు హాయిగా తెరుచుకుంటోంది. స్నాప్ ప్రోగ్రాములు కంచె లోపల నడుస్తాయి. మౌంట్ చేసిన డిస్కులు చూడాలంటే ‘రిమూవబుల్-మీడియా’ అనుమతిని విడిగా కలపాలి. ఇందులో డ్రైవరు ప్రమేయమే లేదు.

పోటీదారు సంగతి. లినక్స్ 5.15లో, 2021 అక్టోబరు చివర, కెర్నెల్‌లోనే ఇంకొక డ్రైవరు వచ్చింది. దాని పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్3. పేర్ల మధ్య ఒక గీత, ఒక అక్షరం తేడా. ప్రూఫులు దిద్దేవాళ్లను అడగకుండా పేర్లు పెడితే ఇలాగే ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఫ్యూజ్ అనే ఏర్పాటు మీద, కెర్నెల్ బయట నడుస్తుంది కాబట్టి వేలకొద్దీ చిన్న ఫైళ్లు కాపీ చేసేటప్పుడు నెమ్మది తెలుస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్3 వేగం కంటికి కనిపిస్తుంది. సరిగా మూతపడని పార్టిషన్‌ను ‘ఫోర్స్’ అననిదే మామూలుగా మౌంట్ చేయదు. నేను కొన్ని వారాలు వాడి వెనక్కి వచ్చాను. నా ఫైళ్లు పెద్దవి, తక్కువ. పైగా చదువుకోవడానికైనా తెరిచిపెట్టే పాత పద్ధతి నాకు అలవాటు. ఫోటోల గుట్టలతో, ఆటలతో పని ఉన్నవాళ్లు ఆ వైపు చూడవచ్చు.

నాలుగు నక్షత్రాలు. అయిదోది సైలెంట్ ఆప్షన్ తినేసింది.

ఇది రాస్తూ నిన్న విండోస్ వైపు నుంచి ‘పనులు’ తెరిచాను. ‘.ట్రాష్-1000’ అనే ఫోల్డర్ కనిపించింది. లినక్స్‌లో నేను చెత్తబుట్టలో వేసిన పాత ప్రూఫులన్నీ అందులో ఉన్నాయి, 40 జీబీ పైనే. ఆ 1000 ఎవరిదో ఈసారి అక్క కొడుకును అడగలేదు.